ఎస్పోజిటో వాళ్ళింటి పేరు

మన ఇంటిపేర్లు ఊరిని బట్టో, వృత్తిని బట్టో వచ్చినవే ఎక్కువ. ఇటలీలో నేపుల్స్ వైపు ఎక్కడ చూసినా కనబడే ఎస్పోజిటో అనే ఇంటిపేరు అలా రాలేదు. లాటిన్‌లో దాని మూలానికి అర్థం బయట వదిలేసిన బిడ్డ అని!

నేపుల్స్‌లో అనున్‌జియాతా అనే శరణాలయం ఉండేది. దాని గోడలో తిరిగే చెక్క గూడు ఒకటి. బయటనుంచి బిడ్డను అందులో పెట్టి తిప్పితే లోపలివాళ్ళు తీసుకునేవారు. పెట్టినవాళ్ళ ముఖం ఎవరికీ కనబడదు. 1875లో దాన్ని మూసేశారు. ఫ్లోరెన్స్‌లో ఇలాంటి పిల్లలకి ఇన్నొచెంతి, అంటే అమాయకులు, అని పెట్టేవారు. ఎంత నయం!

కడుపు నిండక వదిలినవాళ్ళున్నారు, పరువు కోసం వదిలినవాళ్ళున్నారు. చీకట్లో ఆ గూటి దాకా నడిచిన తల్లిని లోకం ఆడిపోసుకుంది. తండ్రి ఊసే లేదు. గుర్తు మాత్రం పసిగుడ్డు పేరుకి అంటించారు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది, అన్నం పెట్టి కాపాడిన చోటే అయినా సరే.

ఆ పిల్లలు పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, అదే పేరు మనవలకిచ్చారు. ఈరోజు ఇటలీలో బాగా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో అదొకటి. ఇప్పుడెవరూ దాని అర్థం తవ్వరు.

అక్కడ పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు పోదు. 2022లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం, బిడ్డకి తండ్రి పేరొక్కటే తనంతట తానే రావడం చెల్లదు, ఇద్దరూ ఒప్పుకుని ఒక్క పేరే ఎంచుకుంటే తప్ప తల్లి పేరూ ఉండాలంది. ఆ గూటి ముందు నిలబడ్డ తల్లులకి ఈ మాట చాలా ఆలస్యంగా వచ్చింది.