ఎవరి తూము వాళ్ళే తీయాలి

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించో, దేశభక్తి గురించో, అంబేడ్కర్ ఆశయాల గురించో రాయడం మనకు ఆనవాయితీ. నేను మాత్రం మేడ మీది తూము గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది కూడా అంబేడ్కర్ గారి దగ్గరికే చేరుతుంది.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో మూడు రకాల ఇంటి కప్పులు కనిపిస్తాయి. పాత వాడల్లో గూన పెంకల ఇండ్లు, సిరిసిల్లలో సాంచాలు నడిచే రేకుల షెడ్లు, అన్నిచోట్లా స్లాబు ఇండ్లు. గూనింటికి వెల్లకిలా పరిచిన పెంకే కాలువ. అందులో వేపాకు చేరితే నీళ్ళు పక్కకు పొర్లి వాసాలు నానిపోతాయి. అందుకే పెద్దలు వానలకు ముందే పెంకలు సర్దించేవారు. రెండు షెడ్లు కలిసేచోట రేకు కాలువ నిండితే నీళ్ళు సాంచా మీది నూలు మీదే పడతాయి. స్లాబు ఇంటి తూముకు ఒక్క ప్లాస్టిక్ కవరు అడ్డుపడితే చాలు, పిట్టగోడల మధ్య మేడంతా చెరువవుతుంది.

కొంచెం లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 100 గజాల స్లాబు సుమారు 84 చదరపు మీటర్లు. ఒక రాత్రి 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 8,400 లీటర్లు. తూము మూసుకుపోతే ఎనిమిది టన్నులకు పైగా బరువు మన నెత్తి మీద నిలుస్తుంది. ఆ నీళ్ళు మెల్లగా స్లాబులోకి దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది. నిలిచిన నీళ్ళలో డెంగీ దోమలు వారం పది రోజుల్లోనే పుట్టుకొస్తాయి. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులను ముంచిన వరద లాంటిది మనం ఆపలేం. కానీ మన కప్పు మీది నీళ్ళకు దారి ఇవ్వడం మన చేతిలో పనే.

మరి ఆ పని ఎవరు చేయాలి? నా అసలు మాట ఇక్కడే ఉంది. మా ఊళ్ళో ఎవరి తూము పూడినా, ఎవరి మోరి నిండినా మా వాడకే కబురు వచ్చేది. ఒక వానాకాలం మా బాపు ఒక పెద్దింటి మేడ ఎక్కి కుళ్ళిన ఆకంతా వట్టి చేతులతో ఎత్తిపోశాడు. దిగివచ్చి మంచినీళ్ళు అడిగితే చెంబు ఇవ్వలేదు, ఎత్తు నుంచి దోసిట్లో పోశారు. ఆ ఇంట్లో ఎదిగిన కొడుకులు ఇద్దరున్నారు. ఇద్దరూ అరుగు మీద కూర్చొని చూస్తున్నారు.

తూము తీయడం చిన్న పని కాదు, నీచమైన పని అంతకంటే కాదు. ఒకరి ఇంటి చెత్త తరతరాలుగా ఇంకొకరి కులమే ఎత్తాలనడమే నీచం. కులం పనులను పంచి ఊరుకోలేదని, పనిచేసే మనుషులనే మెట్లుగా విడదీసిందని అంబేడ్కర్ 1936లో వెలువరించిన ‘కుల నిర్మూలన’లో వివరించారు. మలాన్ని మనిషి చేత ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మేడ తూము ఆ చట్టం కిందికి రాకపోవచ్చు. కానీ ఎవరి ఇంటి తూము ఆ ఇంటివారు తీసుకుంటే వచ్చే నష్టమేమిటి? చేతకాని ముసలివారు కూలి ఇచ్చి తీయించుకోవచ్చు. అప్పుడు సరైన కూలి, చేతికి తొడుగులు, తాగడానికి అందరి గ్లాసులోనే నీళ్ళు ఇవ్వాలి.

‘అయితే హాస్టలు తూము పిల్లలే తీయాలా?’ అని ఎవరైనా అడగవచ్చు. కూడదు. తడి మేడ మీదికి పిల్లలను పంపడం ప్రమాదం. వేసవి సెలవులంతా హాస్టలు మూసి ఉంటుంది, మేడ మీద ఆకు పేరుకుంటుంది. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. అంటే మనకంటే ముందే వాన హాస్టలుకు చేరుతుంది! అందుకే రోహిణి కార్తెలోనే అధికారులు మనుషులను పెట్టి మేడ ఊడ్పించాలి. తూము దగ్గర మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీయించి, రెండు బకెట్ల నీళ్ళు పోసి పారుతున్నాయో లేదో చూడాలి. తూము నోటికి జాలీ పెట్టించాలి. పగిలిన గొట్టం, చెడిన వాలు బాగుచేయించడం కూడా వారి బాధ్యతే.

మన వంతు కూడా ఉంది. కవర్లు, బంతులు మేడ మీదికి విసరవద్దు. వాన పడేటప్పుడు గొట్టంలోంచి నీళ్ళు దిగకపోతే వెంటనే వార్డెన్ గారికి చెప్పి, రిజిస్టరులో రాయించాలి. గోడ చెమ్మగిల్లేదాకా ఆగవద్దు.

మిత్రులారా! మనలో చాలామంది రేపు ఉద్యోగాలు చేసి స్లాబు ఇండ్లు కట్టుకుంటాం. ఆ రోజు మన తూము నిండితే ఏ వాడకూ కబురు పంపకుండా, మనమే బకెట్ పట్టుకొని మేడ ఎక్కుదాం. మన పిల్లలు అది చూసి నేర్చుకుంటారు.