ఆగమన కాలము: ఎదురుచూపును ఆరాధనయే



మార్గశిరము ప్రవేశించునాటికి కంబదూరు ప్రాంతమున వేరుసెనగ చేలు ఖాళీయై యుండును. కంది మాత్రము నిలిచియుండును. అనంతపురము జిల్లాకు ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఆధారము. అదియు వేళకు రాదు. పంట చేతికి రాని యేడు మగవారు కూలికై బెంగుళూరునకు పోవుదురు. ఇల్లాండ్రు ఆకసము వంకను, సాయంకాలపు బస్సు వంకను చూచుచుందురు. సరిగా ఈ దినములలోనే క్రైస్తవ దేవాలయములందు ఆగమన కాలము నడచుచుండును. ఎదురుచూచుట యన నేమో యెఱిగిన ఈ సీమ స్త్రీలకు దాని యర్థము తెలుపుట కష్టము కాదు.

క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములును ఈ కాలమునకు చెందినవి. మొదటిది నవంబరు 27కును డిసెంబరు 3కును నడుమ పడును. సంఘ సంవత్సరము ఆనాడే మొదలగును. పండుగతో గాక, పండుగకై కనిపెట్టుటతో సంవత్సరము నారంభించుట గమనింపదగిన విషయము. ప్రభువు బేత్లెహేమున శిశువుగా వచ్చెను. తీర్పరిగా మరల రానున్నాడు. ఈ రెంటి నడుమ భక్తుని హృదయమునకు దినదినమును వచ్చుచున్నాడు. పన్నెండవ శతాబ్దమున బెర్నార్డు అను సన్న్యాసి యీ మూడు రాకలను గూర్చి బోధించెను.

ఈ యారాధనలో వానమాటయు కలదు. ఆకాశము నీతిని కురియవలెననియు, నేల విచ్చి రక్షణను మొలిపింపవలెననియు యెషయా గ్రంథము 45వ అధ్యాయమున నున్నది. రోము సంఘపు లాటిను ఆరాధనలో నాలుగవ ఆదివారము ఆ మాటతోడనే ఆరంభమగును. బీటలు వాఱిన చేనిగట్టున నిలిచినవారికి దీనికి వ్యాఖ్యానమేల? డిసెంబరు నడుమ ధనుర్మాసము రాగా, మన పొరుగిండ్ల స్త్రీలు వేకువనే లేచి ముగ్గులు పెట్టుదురు. వైష్ణవాలయములందు తిరుప్పావై ముప్పది పాశురములును వినబడును. అందును వానకై ప్రార్థన కలదు. రెండును ఒకటే యని మేము చెప్పుట లేదు. అయినను వేడుకొను తల్లి కన్నీరు ఏ యింటనైనను ఒక్కటియే.

ఈ జిల్లాలో పనిచేసిన లండను మిషనువారు సంఘకాల నియమములను గట్టిగా పాటించువారు కారు. 1947 సెప్టెంబరు 27న మదరాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా, ఆంగ్లికనులును, మెథడిస్టులును, వీరును ఒక్కటైరి. పిమ్మట ఆగమన కాల మందఱి సొత్తయ్యెను.

ఇక మా హెచ్చరిక యొకటి. ఎదురుచూచు నాలుగు వారములును కొనుగోళ్ల వారములుగా మాఱుట మనమెఱుగుదుము. పిల్లలకు క్రొత్తబట్టలు లేకున్న నలుగురిలో చిన్నతనమని వడ్డీకి తెచ్చి, వేసవి వఱకు ఆ యప్పు మోయు తల్లు లున్నారు. వారిని మేము నిందింపము. బిడ్డ ముఖము చిన్నవోవుట చూడలేని ప్రేమయే అట్లు చేయించును. కాని పశువులతొట్టిలో పరుండిన శిశువు పుట్టినదినమునకు అప్పుపత్రము కానుక కాజాలదు. ఉతికిన బట్ట కట్టి దేవాలయమునకు వచ్చు బిడ్డను చూచి నవ్వువా రున్నచో, ఆ సిగ్గు నవ్వినవారిదే. కలవారు ముందుగా తమ ఆడంబరము తగ్గించినయెడల లేనివారికి అప్పు చేయు నగత్యము తగ్గును.

1839లో హాంబుర్గు నగరమున యోహాన్ విచెర్న్ అను బోధకుడు అనాథ బాలురు క్రిస్మసునకై దినములు లెక్కించుకొనుటకు బండిచక్రముపై క్రొవ్వొత్తులు నిలిపెను. మన యింట నాలుగు ప్రమిదలు చాలును. మొదటి వారమొకటి, రెండవ వారము రెండు, ఇట్లు వెలిగించి, బిడ్డలచే లేఖనభాగము చదివింపుడు. వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు వేఱుగా నుంచి, పండుగనాడు మీకంటె లేనివారి కిండు.

గర్భవతియైన మరియ కొండసీమకు పోయి ఎలీసబెతును చూచినట్లు లూకా వ్రాసెను. ఎదురుచూచు ఇద్దఱు స్త్రీలు ఒకరి కొకరు తోడైరి. మీ వీథిలో భర్త దూరదేశమున నుండగా ఒంటిగా దీపము పెట్టుకొను నామె యెవరో మీకు తెలియును. ఈ వారము ఆమె గడప త్రొక్కుడు. మీ ఆగమన ఆరాధన అచ్చట మొదలగును గాక.