వరద మట్టం చూసి ధర కట్టవద్దు

సికిందరాబాదు: గోదావరికి వరద వచ్చిందనగానే రెజిమెంటల్ బజార్‌లో మొదట పుట్టే ప్రశ్న ఒక్కటే: భద్రాచలం వద్ద ఎన్ని అడుగులు? 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అంకె పెరిగేకొద్దీ బియ్యం, అరటి అమ్మకందార్లు చేయి బిగిస్తారు, తగ్గగానే సడలిస్తారు. ఏటిగట్టును నమ్ముకుని సేద్యం చేసే రైతు లెక్క వేరుగా ఉంటుంది. నీరు ఏ నెలలో వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది, పోతూ పోతూ ఏమి వదిలింది అన్నవే అతనికి ముఖ్యం. ఈ లెక్క బజారుకూ అవసరమే.

జూలై వరదకు మునిగేది సార్వా నారుమడి, లేదా అప్పుడే నాటిన చేను. విత్తనం దొరికితే రైతు మళ్లీ నారు పోస్తాడు, లేకుంటే స్వల్పకాలిక రకాన్ని వెదజల్లుతాడు. పంట ఆలస్యమవుతుంది గాని పూర్తిగా పోదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ధాన్యం రాబడికి సంబంధించినంతవరకు ఈ నాలుగు అడుగుల తేడాకన్న నెల రోజుల తేడాయే పెద్దది. ఆగస్టు నడిమికి వచ్చిన ముంపు తరువాత మళ్లీ నాటుకునే అదను మిగలదు.

దిగువ డెల్టాలో నీరు నిలిచే రోజులు ప్రధానం. మారుటేరు రకమైన స్వర్ణకు ముంపును తట్టుకునే గుణం చేర్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. పైరు మునిగినా సుమారు రెండు వారాలు ఓర్చుకుంటుంది. ఐతే పూడిపోయిన మురుగు కాల్వకు ఏ విత్తనమూ మందు కాజాలదు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించడానికి గిట్టని ధరతోపాటు ఈ ముంపు బాధ కూడా కారణమే.

లంకల సంగతి మరొకటి. పలుచగా ఒండ్రు వదిలిన వరదను లంక రైతు పూర్తి నష్టం కింద రాయడు; నీరు తీశాక వేసే మొక్కజొన్నకు, కూరగాయలకు అది ఎరువు. ఇసుక మేట వేసినా, ఒడ్డు కోసుకుపోయినా నష్టం ఒక ఏటితో తీరదు. అరటి మొదట నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అందుచేత వరద కబురు రాగానే పక్వానికి రాని గెలలు సైతం కోసి పడవలపై గట్టుకు చేరుస్తారు. ఆ వారం రాబడి పెరిగి ధర పడుతుంది. దానిని సమృద్ధిగా భావించి ముందు బేరాలకు ఒప్పుకున్న వర్తకులు తరువాతి నెలల్లో సరుకు కోసం వెతుక్కోవలసి వస్తుంది.

అన్నిటికన్న చేటు కోతల వేళ వచ్చే తుపాను ముంపు. పనలు చేలోనే నానితే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. మొలక ఆపేందుకు 5 శాతం ఉప్పు నీరు చల్లుతారు గాని పోయిన రంగు తిరిగి రాదు. ఆపైన తేమ, తరుగు పేరిట కోత. కాగితం లేని కౌలుదారుకు పరిహారం దక్కడం కష్టం. మక్తా బస్తాలు మాత్రం కొలవక తప్పదు.

రంగు మారిన ధాన్యంలో చాలా భాగం ఉప్పుడు బియ్యానికి పనికివస్తుందని మిల్లర్లకు, దళారులకు తెలియనిది కాదు. ఆ వినియోగాన్ని బట్టి ధర కట్టక, చెడిన సరుకు కింద అయినకాడికి తీసుకుంటే తాత్కాలికంగా లాభమే. కాని చేతిలో డబ్బు ఆడని రైతు దాళ్వాకు విత్తనం, ఎరువు తగ్గిస్తాడు, లేదా చేను బీడు పెడతాడు. ఆ కొరత వేసవిలో ఈ బజారుకే చేరుతుంది.

కాబట్టి వరద వార్త వచ్చినపుడు వర్తకులు అడుగులతోపాటు నెల, నీరు నిలిచిన రోజులు, మేట సంగతి విచారించుకున్న తరువాతనే బేరం కుదుర్చుకోవడం మేలు. తడిసిన ధాన్యానికి రకం వారీ ధర ముందే ప్రకటించడం రైతుకూ, కొనుగోలుదార్లకూ క్షేమం.