గేటు: తలుపా? దారా?

‘రైలు గేటు పడింది’ అన్న మాట విననివారు మనలో అరుదు. గేటు పడినదంటే దారి మూసుకొన్నదనియే అర్థం. లారీ వెనుక బస్సు, బస్సు వెనుక ఎడ్లబండి బారులు తీరుతాయి. ఓపిక లేనివారు సైకిలును ఒరగబెట్టి గేటు కింది నుంచి దూరిపోతారు. మనకు గేటు అంటే అడ్డు. కాని ఇదే మాటకు బ్రిటన్ ఉత్తరభాగంలో, స్కాట్లండులో వెయ్యేండ్లుగా ‘దారి’ అని అర్థం ఉన్నదంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఆపేదానికీ, సాగనిచ్చేదానికీ ఒకటే పేరు ఎట్లా వచ్చినది?

నిజానికి ఇది ఒక మాట కాదు, రెండు మాటలు. వేర్వేరు ఇండ్లలో పుట్టి, ఒకే చొక్కా తొడుక్కొని తిరుగుతున్నవి.

మొదటిది ప్రాచీనాంగ్లంలోని మాట. గోడలోనో కంచెలోనో విడిచిన సందు దాని అర్థం. ఏకవచనంలో అది ‘య’కారంతో ‘యాట్’ వలె పలికేది. బహువచనంలో ‘గ’కారంతో ‘గటు’ అయ్యేది. కాలక్రమాన ప్రామాణికాంగ్లంలో ‘గ’కారమే నిలిచి ‘గేట్’ అయినది. స్కాట్లండులో మాత్రం పాత ‘య’కారం చావలేదు. అక్కడి పాత కోటల ద్వారాలకు ఇనుపకమ్మీలను అల్లి చేసిన తలుపులను నేటికీ ‘యెట్’ అంటారు. ‘యేట్స్’ అన్న ఇంటిపేరు కూడా ఇందులోనిదే. కోటగుమ్మం దగ్గర కాపురమున్నవారి వంశమన్నమాట.

రెండవది సముద్రం దాటి వచ్చినది. క్రీ.శ. 866లో వైకింగులు ఉత్తరాంగ్లదేశంలోని యార్క్ నగరాన్ని పట్టుకొన్నారు. వారి కడపటి రాజును 954లో తరిమివేసేవరకు, నడుమ కొంత విరామమున్నా, ఆ నగరంలో వారి మాటే చెల్లినది. వారి భాషలో ‘గటా’ అంటే వీధి. నేటి స్వీడిష్ భాషలో వీధిని ‘గాటా’ అనే అంటారు; జర్మన్ భాషలో సందును ‘గాసే’ అంటారు. రాజులు పోయినారు గాని వీధుల పేర్లు పోలేదు. యార్క్‌లోని ‘మికిల్‌గేట్’ అంటే పెద్దవీధి. ఆ వీధి చివరనున్న అసలైన కోటగుమ్మానికి ‘మికిల్‌గేట్ బార్’ అని పేరు. ఆ ఊరిలో గేటు అంటే వీధి, బార్ అంటే గేటు; మరి బార్ కావలసినవారు పబ్బుకు పోవలెనని ఊరివారు పరిహాసమాడుతారు.

అదే ఊరిలో ‘కాపర్‌గేట్’ అని మరొక వీధి ఉన్నది. పేరు విన్నవారు రాగిపాత్రల బజారనుకొంటారు. అది పొరపాటు. అందులోని మొదటి మాట వైకింగుల భాషలో కొయ్యగిన్నెలు చేసే పనివాని పేరు. 1976 నుంచి 1981 వరకు అక్కడ త్రవ్వకాలు జరిపినప్పుడు, తరిమెన పట్టిన కొయ్యగిన్నెలూ, గిన్నె తొలిచిన తరువాత మిగిలిన కొయ్యముక్కలూ నేలలో దొరికినవి. వెయ్యేండ్లు మాట దాచిన సంగతికి మన్ను సాక్ష్యం చెప్పినది.

స్కాట్లండుకు పోతే ఈ ‘దారి గేటు’ ఇంకా విరివిగా కనిపిస్తుంది. ఎడింబరోలో ‘కౌగేట్’ ఆవులను తోలుకొనిపోయిన బాట. ‘కానన్‌గేట్’ 1128లో స్థాపించిన హోలీరూడ్ మఠంలోని సన్న్యాసుల వీధి. గ్లాస్గోలో ‘ట్రాన్‌గేట్’ ఊరుమ్మడి తూనిక త్రాసు ఉండిన వీధి. ‘గాలోగేట్’ ఉరికంబానికి పోయే దారి. మరి అక్కడివారు కోటగుమ్మాన్ని ఏమనేవారు? ‘పోర్ట్’ అనేవారు. ఎడింబరోలోని ‘నెదర్‌బౌ పోర్ట్’ అటువంటి గుమ్మమే; 1764లో దానిని పడగొట్టినారు. లండన్‌లో ఇందుకు తలక్రిందులు. అక్కడి ఆల్డ్‌గేట్, లడ్‌గేట్ నిజంగా నగరకుడ్యపు ద్వారాలే. కనుక ఊరిపేరు చివర గేటు కనిపించగానే అది తలుపో దారియో తేల్చడానికి ముందు అది దక్షిణాన ఉన్నదా, ఉత్తరాన ఉన్నదా అని అడుగవలె.

స్కాట్లండువారి నోట ఈ మాట దారినుంచి తీరుకు ప్రాకినది. ‘ఎవరి గేటున వారు పోవడం’ అంటే ఎవరి త్రోవ వారు చూచుకోవడం. మన ‘బాట’, ‘తీరు’, ‘నడత’ అన్నవి ఒకదానిలోకి ఒకటి జారినట్లే ఇదీను. నడిచే దారి నడిచే తీరు అయినప్పుడు, దానిని వేరుచేయడానికి పద్దెనిమిదో శతాబ్దం నాటికి వర్ణక్రమం మార్చినారు. పలుకుబడి ఒకటే, వ్రాత వేరు. వైద్యులు రోగి నడకతీరును పరీక్షించేటప్పుడు వాడే ‘గేట్’ ఇదే.

ఇక్కడ ఈ వ్యాసకర్త ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. ఉపాధ్యాయవృత్తిలో చేరిన తొలినాళ్ళలో, నడక అనే ఈ ‘గేట్’ మన సంస్కృత ‘గతి’నుంచే పుట్టినదని తరగతిలో ఘంటాపథంగా చెప్పినాను. ధ్వని కలిసినది, అర్థం కలిసినది, ఇంకేమి కావలెను? పిల్లలు చప్పట్లు కొట్టినారు. ఆ చప్పట్లే నాకు ప్రమాణమైనవి.

కాని ప్రమాణం వేరే ఉన్నది. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో చుట్టరికమున్నదని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ప్రకటించినాడు. ఆ చుట్టరికం ఏ నియమం ప్రకారం నడుస్తుందో 1822లో యాకబ్ గ్రిమ్ వివరించినాడు. దాని ప్రకారం సంస్కృతంలో ‘గ’కారమున్నచోట ఆంగ్లంలో ‘క’కారం రావలె. అందుచేత ‘గమ్’ ధాతువుకు అక్కడి చుట్టం ‘కమ్’, అనగా ‘వచ్చు’ అనే క్రియ. ‘గౌః’ అన్నదానికి చుట్టం ‘కౌ’. ‘గతి’కి ‘గేట్’ ఏమీ కాదు. రెండు చోట్లా ‘గ’కారం వినబడడమే అవి చుట్టాలు కావనడానికి రుజువు.

ఇప్పుడు ఎడింబరోలోని ‘కౌగేట్’ను మరల చూడండి. ‘గోగతి’ అని అనువదించి మురిసిపోవాలనిపిస్తుంది. కాని అందులో మన పోలిక కనిపించే ‘గేట్’ పరాయిది. పోలిక అంతగా కనబడని ‘కౌ’ మన దాయాది. ముఖం చూచి చుట్టరికం నిర్ణయించేవారికి ఆ వీధి పలక ఒక్కటే చాలిన పాఠం. ఆంగ్లేయుని గేటు మనకు బంధువు కాకపోయినా, అతని ‘డోర్’ మన ‘ద్వారం’ తోబుట్టువే. పారశీకం మీదుగా వచ్చిన ‘దర్వాజా’ కూడా ఆ ఇంటిదే.

మన తెలుగు ‘వాకిలి’ మరొక వంశం. ద్రావిడంలో ఇంటికి నోరు వంటిదని దాని భావం. తమిళుల ‘వాయిల్’, ‘వాసల్’ దాని తోబుట్టువులు. అదికూడా గుమ్మమనీ, గుమ్మం ముందర ముగ్గువేసే స్థలమనీ రెండర్థాలు మోస్తున్నది. తలుపుకూ, తలుపు ముందరి నేలకూ హద్దు గీయడం మాటలకు ఎక్కడా చేతకాలేదు కాబోలు.

గేటు ప్రయాణం ఆగలేదు. ఆటమైదానానికి వచ్చిన జనసంఖ్య గేటు అయినది. విద్యుత్‌యంత్రాలలో అవును, కాదు అని తేల్చే చిన్న వలయం గేటు అయినది. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనసముదాయంలో దొంగలు పట్టుబడినారు. 1974 ఆగస్టు 9న అధ్యక్షుడు నిక్సన్ పదవి విడిచినాడు. ఆనాటినుంచి పత్రికలవారికి ప్రతి కుంభకోణమూ ఏదో ఒక ‘గేటు’.

చాలా ఏండ్ల తరువాత, నా తరగతిలో చప్పట్లు కొట్టినవారిలో ఒకరు తానూ ఉపాధ్యాయుడై, నా ‘గతి’ పాఠాన్ని తన పిల్లలకు చెబుతున్నట్లు సంతోషంగా ఉత్తరం వ్రాసినాడు. జవాబుగా రెండు పుటలు వ్రాసి పొరపాటు ఒప్పుకొన్నాను. అతడు మరునాడే తరగతిలో ఆ ఉత్తరం చదివి వినిపించినాడట. పిల్లలు ఈసారి కూడా చప్పట్లు కొట్టినారట. తప్పు తెరిచిన గేటును మూయడానికి నాకు అంతకాలం పట్టినది.