జానెడు విమానం బయటపెట్టిన శుక్లం

రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పులు వంటి విషయాలే మీరు నా వ్యాసాలలో ఎక్కువగా చదివి ఉంటారు. ఈసారి నేను స్వయంగా తయారుచేసిన ఒక నమూనా విమానం గురించి రాస్తున్నాను. డెబ్బై దాటిన వైద్యునికి ఈ బొమ్మలాట ఏమిటని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లోనూ అలాగే అన్నారు. అయితే నా కంటికి పట్టిన జబ్బును నేను ఒప్పుకోకముందే ఆ బొమ్మ బయటపెట్టింది. ఆ సంగతి చెప్పి, దాని నుంచి నాకు కలిగిన ఒక అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతాను.

కొన్నేళ్ల క్రితం ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పాత నమూనాకు చెందిన 20 డాలర్ల నోటు ఒకటి నా చేతికి వచ్చింది. దానిపై జాన్ ఫ్లిన్ అనే క్రైస్తవ మతబోధకుని చిత్రమూ, రెండు అంతస్తుల రెక్కలున్న ఒక పాతకాలపు విమానం బొమ్మా ఉన్నాయి. ఆ విమానం పేరు డి హావిలాండ్ డీహెచ్-50. 1923లో తొలిసారి ఎగిరిన ఈ రకం విమానాలు ప్రపంచం మొత్తంమీద నలభై కూడా తయారు కాలేదు. అందుచేత విమానాలపై ఆసక్తి ఉన్నవారిలోనూ చాలామందికి దీని పేరు తెలియదు. వైద్యవృత్తిలో ఉన్నవారు మాత్రం తెలుసుకోదగిన పేరు అది.

ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతాలలో ఒకప్పుడు రోగికీ వైద్యునికీ మధ్య వందల మైళ్ల దూరం ఉండేది. వైద్యవిద్య చదువుతూ యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరిన క్లిఫర్డ్ పీల్ అనే యువకుడు, వైద్యుణ్ణి విమానంలో పంపవచ్చునని సూచిస్తూ 1917లో ఫ్లిన్‌కు లేఖ రాశాడు. మరుసటి ఏడాదే అతడు యుద్ధంలో మరణించాడు. ఆ ఆలోచన కార్యరూపం దాల్చడానికి మరో పదేళ్లు పట్టింది. 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీ పట్టణం నుంచి ‘విక్టరీ’ అని పేరు పెట్టిన డీహెచ్-50 విమానం జూలియా క్రీక్ అనే ఊరికి బయలుదేరింది. అందులో ఉన్న వైద్యుడు సెయింట్ విన్సెంట్ వెల్చ్. నడిపినవాడు ఆర్థర్ ఆఫ్లెక్. తొలి ఏడాదిలో ఆ సేవ 50 ప్రయాణాలు చేసి, 26 చోట్లకు వెళ్లి, 225 మంది రోగులకు చికిత్స అందించింది. విమానంలో రేడియో లేదు. పైలట్ దిక్సూచినీ, కింద కనిపించే నదులనూ, కంచెలనూ, టెలిగ్రాఫ్ తీగలనూ చూసుకుంటూ దారి తెలుసుకోవలసి వచ్చేది. 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు సైకిల్ తొక్కినట్లు కాళ్లతో తొక్కి నడిపే రేడియోను రూపొందించాక, మారుమూల ఇళ్లవారు వైద్యుణ్ణి నేరుగా పిలవగలిగారు.

నా ఉద్యోగ జీవితంలో తొలి ఏళ్లు విశాఖ ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గడిచాయి. రోగులను డోలీలో వేసుకుని, కొండలు దిగి, వాగులు దాటి తెచ్చేవారు. పాము కరిచిన మనిషి మా మెట్ల దగ్గరికి చేరేసరికి ప్రాణం పోయి ఉన్న సందర్భాలు నాకు గుర్తున్నాయి. అందుకే ఆ నోటు మీది విమానం కథ విన్నాక దాన్ని మరిచిపోలేకపోయాను. ఇంటికి తిరిగివచ్చాక, ఆ విమానాన్ని చిన్న రూపంలోనైనా నా చేతులతో కట్టాలని సంకల్పించాను.

సాధారణంగా నమూనా విమానాల భాగాలన్నీ ఒక పెట్టెలో సిద్ధంగా వస్తాయి. ఈ విమానానికి అటువంటి పెట్టె నాకు దొరకలేదు. కొలతల పటం సంపాదించి, 48వ వంతు పరిమాణంలో, ప్లాస్టిక్ రేకులు కోసి మొదటి నుంచి నేనే చేయడం మొదలుపెట్టాను. అసలు విమానం రెక్కల విస్తారం సుమారు 13 మీటర్లు, పొడవు సుమారు 9 మీటర్లు. నా నమూనాలో అవి 27, 19 సెంటీమీటర్లు అయ్యాయి. అంటే పొడవు జానెడుకు కొంచెం తక్కువ. కోయడానికి 11 నంబరు సర్జికల్ బ్లేడు, పట్టుకోవడానికి నా పాత ఫోర్సెప్స్ పనికివచ్చాయి. ఈ విమానంలో రోగీ వైద్యుడూ కూర్చునే గది ముందువైపు ఉంటుంది. దానికి కప్పు, తలుపు, కిటికీలు ఉన్నాయి. పైలట్ మాత్రం ఆ గది వెనుక, కప్పు లేని చోట ఎండకూ గాలికీ ఎదురొడ్డి కూర్చుంటాడు. లోపల ఉన్నవారికి నీడనిచ్చి, నడిపేవాడు బయట ఉండే ఆ అమరికను చిన్న కొలతల్లో చెక్కుతుంటే నాకు ఆ మనుషులు దగ్గరివారైనట్లు అనిపించేది.

అన్నిటికంటే కష్టమైన పని తీగలు కట్టడం. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య నిలువు కట్టెలు, వాటి నడుమ ఏటవాలుగా బిగించిన తీగలు ఉంటాయి. విమానం రెక్కలు ఊగిపోకుండా పట్టి ఉంచేవి అవే. నమూనాలో వాటికోసం వెంట్రుక వంటి నైలాన్ దారాన్ని, చేతితో తిప్పే చిన్న డ్రిల్లుతో చేసిన రంధ్రాలలోంచి దూర్చాలి. ఎడమ రెక్క తీగలు నాలుగు రోజులలో పూర్తయ్యాయి. కుడివైపుకు వచ్చేసరికి దారం రంధ్రంలోకి పోవడం మానేసింది. రంధ్రం ఇదిగో ఇక్కడ ఉందని ఫోర్సెప్స్ దించితే, దారం దానికి ఇవతలనో అవతలనో ఆగేది. దారం మంచిది కాదనుకున్నాను. మరో రకం కొన్నాను. దీపం చాలడం లేదనుకున్నాను. పెద్ద దీపం తెచ్చాను. దాని వెలుగు చుట్టూ పొగమంచు కమ్మినట్లయి పని మరింత కష్టమైంది.

ఇంతలో మరొకటి జరిగింది. గది లోపలి గోడలకు నేను కలిపిన తెల్లరంగు ఆరుతుండగా మా ఆవిడ వచ్చి చూసి, “ఏమండీ, తెల్లరంగు వేస్తానని నీలం వేశారేం?” అని అడిగింది. నా కంటికి అది అచ్చమైన తెలుపు. తెల్లరంగు పచ్చగా కనిపిస్తోందని అందులో చుక్క చుక్కగా నీలం కలిపింది నేనే.

ఆ మాట విన్న తరువాత బల్ల దగ్గర కూర్చుని ఎడమ కన్ను చేత్తో మూసి విమానం వైపు చూశాను. రెక్కలు కనిపించాయి. తీగలు లేవు. నాలుగు రోజులు కూర్చుని కట్టిన తీగలలో ఒక్కటీ నా కుడి కంటికి కనిపించలేదు.

నేను నేత్రవైద్యుణ్ణి కాను. కానీ ఆ లక్షణాలేమిటో వైద్యవిద్యార్థికి కూడా తెలుస్తుంది. శుక్లం పెరిగేకొద్దీ కంటిలోని కటకం మసకబారి పసుపు వర్ణానికి తిరుగుతుంది. అది నీలికాంతిని అడ్డుకుంటుంది గనుక తెలుపు పచ్చగా కనిపిస్తుంది. దీపపు కాంతి చెదిరిపోయి కళ్లు జిగేల్మంటాయి. ఒక కంటి చూపు తగ్గితే రెండో కన్ను ఆ లోటును కప్పిపుచ్చుతుంది. కాని రెండు కళ్లూ కలిసి చేయవలసిన పని, అంటే ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం, దెబ్బతింటుంది. నా దారం రంధ్రానికి ఇవతల ఆగిపోవడానికి కారణం అదే. ఇంతా చేసి రెండేళ్ల క్రితమే కళ్లద్దాలు మార్చుకోవడానికి వెళ్లినప్పుడు, కుడి కంటిలో శుక్లం మొదలైందని, ఆరు నెలలకోసారి చూపించుకోమని నాకు చెప్పారు. నేను మళ్లీ వెళ్లలేదు.

ఏజెన్సీలో ఉన్నప్పుడు ఒక వృద్ధురాలు రెండు కళ్లలోనూ శుక్లాలు పూర్తిగా ముదిరిన స్థితిలో మనవడి చేయి పట్టుకుని వచ్చింది. “ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?” అని నేను గట్టిగానే కోప్పడ్డాను. “దూరం బాబూ” అని మాత్రమే ఆమె అన్నది. ఆమెకు నిజంగానే రెండు రోజుల నడక. నా ఇంటి నుంచి కంటి ఆసుపత్రికి ఆటోలో పదిహేను నిమిషాలు. నన్ను పరీక్షించిన డాక్టరు వయసులో మా అబ్బాయి కంటే చిన్నవాడు. “ఇన్నాళ్లు ఎందుకు ఆగారు సార్?” అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ వృద్ధురాలికి ఉన్న సమాధానం నా దగ్గర లేదు.

మిత్రులారా, విశ్రాంత జీవితంలో సూక్ష్మమైన చేతిపని ఒకటి తప్పనిసరిగా ఉండాలన్నది నా అభిప్రాయం. కాలక్షేపం కోసమో, మతిమరుపు రాకుండా ఉండడానికో నేను ఈ మాట చెప్పడం లేదు. బొమ్మలు చేస్తే మతిమరుపు రాదని మీకు హామీ ఇవ్వలేను. మన కళ్లూ చేతులూ ఏ స్థితిలో ఉన్నాయో అటువంటి పని దాచకుండా చెబుతుంది, అందుకని. మా అమ్మ రోజూ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరేది. అన్నంలో రాళ్లు తగలడం మొదలైన వారంలోనే ఆమె చూపు తగ్గిందని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఈనాడు మనం పూలు కట్టం, సూదిలో దారం ఎక్కించం, రాళ్లు ఏరం. చేతిలో ఉన్న ఫోనులో అక్షరం కనిపించకపోతే రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటాం. టీవీ వినిపించకపోతే శబ్దం పెంచుకుంటాం. లోపం అలాగే ఉంటుంది. అది ఉన్నట్లు మనకు తెలియడం మాత్రం ఆలస్యమవుతుంది.

ఇటువంటి పనివల్ల కళ్లు పాడవుతాయని కొందరు వారిస్తారు. దగ్గరి పని కళ్లను అలసటకు గురిచేస్తుంది గాని శుక్లాన్ని తెప్పించదు. శుక్లానికి ముఖ్య కారణం వయసు. మధుమేహం, పొగతాగడం, తీవ్రమైన ఎండ, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్ మందులు దానికి తోడ్పడతాయి. అలాగే శుక్లం బాగా ముదిరాకే తీయించుకోవాలని, వేసవిలో ఆపరేషన్ పనికిరాదని నేటికీ నమ్మేవారున్నారు. ఆ రెండు మాటలూ ఇప్పటి శస్త్రచికిత్సకు వర్తించవు. చూపు మసకవల్ల మీ రోజువారీ పనులకు ఆటంకం కలిగితే అదే తగిన సమయం. మరీ ముదరనిస్తే శస్త్రచికిత్సే కష్టమవుతుంది. వాయిదా వేసే గుణం గొప్పవారినీ విడువలేదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకు 1912లో శుక్లాలు ఉన్నట్లు తేలితే, ఆయన శస్త్రచికిత్స చేయించుకున్నది 1923లో.

చేతుల విషయమూ ఇంతే. సన్నని వస్తువు పట్టుకున్నప్పుడు చేయి కొద్దిగా వణకడం వయసు మీద పడ్డవారిలో తరచు కనిపిస్తుంది. కాఫీ ఎక్కువైనా, థైరాయిడ్ పెరిగినా, కొన్ని ఆస్తమా మందులు వాడినా వణుకు రావచ్చు. కాని ఒడిలో ఊరకే పెట్టుకున్న చేయి వణుకుతూ, నడకా రాతా మందగిస్తే నరాల వైద్యుణ్ణి కలవడానికి జాప్యం చేయకండి.

నమూనాలు చేయదలచినవారికి కొన్ని జాగ్రత్తలు. జిగురు, రంగుల ఆవిరి పీల్చకుండా కిటికీ తెరిచి పనిచేయండి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. అరగంటకోసారి లేచి నడవండి. బ్లేడునూ జిగురునూ పిల్లలకు అందకుండా ఉంచండి.

నాకు శస్త్రచికిత్స పూర్తయి, చుక్కల మందు గడువు ముగిశాక మళ్లీ బల్ల ముందు కూర్చున్నాను. ఆ గది గోడలు నిజంగానే లేతనీలం. కుడి రెక్కకు ఎలాగో కట్టిన మూడు తీగలు వేరే రంధ్రాలలో ఉన్నాయి. వాటిని విప్పి సరిగా కట్టాను. గోడల రంగు మాత్రం మార్చలేదు. ఇంటికి వచ్చినవారు అడిగితే కారణం చెబుతున్నాను.

ఈ వ్యాసం చదవడం పూర్తికాగానే మీరు ఒక పని చేయండి. చదివే అద్దాలుంటే పెట్టుకుని గోడ మీది తెలుగు క్యాలెండర్ దగ్గరికి వెళ్లండి. ఒక కన్ను మూసి, రెండో కంటితో నేటి తిథి, వర్జ్యం చదవండి. తరువాత కన్ను మార్చి మళ్లీ చదవండి. రెండు కళ్లకూ తేడా కనిపిస్తే ఈ వారంలోనే నేత్రవైద్యుణ్ణి కలవండి. మధుమేహం ఉన్నవారు తేడా కనిపించకపోయినా ఏడాదికోసారి కంటి లోపలి పొర పరీక్ష చేయించుకోవాలి. నాలాగా రెండేళ్లు ఆగకండి.