గర్భంలోని మర్మం, రక్తంలోని సూచన

 

మా వేములలో ఒకనాడు అసర్ నమాజు తర్వాత, మనవరాలిని మద్రసా నుండి తీసుకుపోవడానికి వచ్చిన ఒక పెద్దామె గడప దగ్గర ఆగి ఇలా అడిగింది: “మౌల్వీ సాబ్, మా కోడలికి ఆరో నెల. చక్కెర నీళ్ళు తాగించి రక్తం చూస్తారంట, బిడ్డ మరీ లావవుతుందేమో తెలుస్తుందంట. కడుపులో ఏముందో అల్లాహ్‌కే కదా ఎరుక? ఇది గైబ్‌లో తలదూర్చడం కాదా?”

ఆ ప్రశ్నలో భక్తి ఉన్నది. గర్భాలలో ఉన్నదాని సంపూర్ణ జ్ఞానం అల్లాహ్‌దేనని లుఖ్మాన్ సూరా చివరి ఆయత్ బోధిస్తున్నది. ఈ పరీక్ష ఆ జ్ఞానంలో వాటా కోరడం లేదు. చీనీ తోట రైతు పూతను చూసి కాపును అంచనా కడతాడు. దానిని ఎవరూ గైబ్ అనరు. వైద్యులూ అంతే, తల్లి రక్తంలో కనిపించే గుర్తును బట్టి రాగల ప్రమాదాన్ని అంచనా వేస్తారు.

ఆ గుర్తులలో ముఖ్యమైనది చక్కెర. తల్లి రక్తంలోని చక్కెర మాయ గుండా బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ చేరదు. అందువల్ల బిడ్డ శరీరమే ఇన్సులిన్‌ను అధికంగా తయారుచేస్తుంది, కొవ్వు పేరుకుంటుంది. 4 కిలోలు దాటిన బిడ్డ భుజాలు ప్రసవంలో చిక్కుకోవచ్చు. తల్లికి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. పుట్టిన కొద్ది గంటలలోనే బిడ్డకు చక్కెర పడిపోవచ్చు. 9 దేశాలలో 25 వేల మందికి పైగా గర్భవతులతో జరిగి, 2008లో వెలువడిన హాపో అధ్యయనం ఒక సంగతి తేల్చింది: మధుమేహం అనదగిన స్థాయికి చేరకముందే, తల్లి చక్కెర పెరిగేకొద్దీ బిడ్డ అధిక బరువుతో పుట్టే అవకాశమూ పెరుగుతుంది.

మన దేశపు మార్గదర్శకాల ప్రకారం 75 గ్రాముల గ్లూకోజ్‌ను నీటిలో కలిపి తాగించి, 2 గంటల తర్వాత రక్తం పరీక్షిస్తారు. పరగడుపున ఉండనవసరం లేదు. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే గర్భకాల మధుమేహంగా పరిగణిస్తారు. గర్భం దాల్చాక తొలిసారి వైద్యుల వద్దకు వెళ్ళినప్పుడు ఒకసారి, అప్పుడు బాగుంటే 24–28 వారాల మధ్య మరొకసారి చేయించాలి. చాలామందికి ఆహార నియమంతో, నడకతో అదుపులోకి వస్తుంది, రానివారికి మందులున్నాయి.

ఈ అంచనా తప్పవచ్చు కూడా. చక్కెర సరిగా ఉన్న తల్లికీ పెద్ద బిడ్డ పుట్టవచ్చు. ఇది తీర్పు కాదు, హెచ్చరిక మాత్రమే. ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. “ఇద్దరి కోసం తిను” అంటూ కోడలి పళ్ళెంలో మిఠాయి వడ్డించే అత్తగారి ప్రేమ, ఆమెను పరీక్షకు వెంటబెట్టుకుపోయే ప్రేమ కూడా కావాలి. కోడలు మన చేతిలోని అమానత్.

అల్లాహ్ తల్లులకూ బిడ్డలకూ క్షేమం ప్రసాదించుగాక. ఆమీన్.