చివరి ముక్క ఎక్కడుందో చూశారా?

పాట ఆరు నిమిషాలే. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైల్ మాత్రం నలభై నిమిషాలు చూపిస్తుంది. పాట అయ్యాక అంతా నిశ్శబ్దమే. ఇలా జరిగితే సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు. అక్కర్లేదండీ. ఆడాసిటీలో ప్రాజెక్టు పొడవంటే చివరి క్లిప్ ముగిసేదాకా. ఎడిట్ చేసేటప్పుడు తెగిన అర సెకను ముక్క ఒక్కటి కుడివైపు ఎక్కడో మిగిలినా, టైమ్‌లైన్ అక్కడిదాకా సాగుతుంది.

కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కండి. ప్రాజెక్టు మొత్తం స్క్రీన్‌లో ఇమిడిపోతుంది. దూరంగా సన్నటి గీతలా కనిపించేదే దొంగ. దాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి. ట్రాకులు చాలా ఉంటే కిందికి స్క్రోల్ చేసి చూడటం మర్చిపోవద్దు. అంత ఓపిక లేకపోతే, పాటను మాత్రం సెలెక్ట్ చేసి, ఆ భాగాన్నే ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.

క్లిప్‌ని జరపడం ఇంకో తలనొప్పి. పాత వీడియో పాఠాల్లో రెండువైపులా బాణాలున్న టూల్‌తో జరపమంటారు. అది ఎంత వెతికినా దొరకదు. 2021లో వచ్చిన 3.1 వెర్షన్‌లోనే దాన్ని తీసేశారు. ఇప్పుడు క్లిప్ పైనున్న పట్టీని మౌస్‌తో పట్టుకుని లాగితే చాలు. పేస్ట్ చేయబోతే చోటు చాలదని మెసేజ్ వస్తోందా? పక్క క్లిప్ అడ్డుగా ఉందన్నమాట. ప్రిఫరెన్సెస్‌లో ట్రాక్స్ బిహేవియర్స్ కింద, ఒక క్లిప్‌ని ఎడిట్ చేస్తే మిగతావి జరగొచ్చు అనే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. లేదా కొత్త ట్రాక్‌లో పేస్ట్ చేయండి.

అయితే ఈ జరగడమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. మా పెద్దమ్మ పాడే పెళ్లిపాటల్ని మా చెల్లి రెండు ఫోన్లు పెట్టి రికార్డు చేసింది. ఒకటి పెద్దమ్మ దగ్గర, ఇంకోటి వంత పాడేవాళ్ల దగ్గర. మధ్యలో కుక్కర్ విజిల్. ఒక ట్రాక్‌లో ఆ విజిల్‌ని డిలీట్ చేస్తే, దాని తర్వాత ఉన్నదంతా ఎడమకి జరుగుతుంది. అక్కణ్నుంచి పాట ఒకచోట, వంత ఒకచోట. అందుకే ఒక్క ట్రాక్‌లోనే చప్పుడు తీయాలంటే, అంతవరకు సెలెక్ట్ చేసి కంట్రోల్, ఎల్ నొక్కాలి. ఆ భాగం నిశ్శబ్దమవుతుంది, పొడవు మారదు. సమయం కూడా తగ్గించాలంటే రెండు ట్రాకుల్లోనూ అదే భాగం సెలెక్ట్ చేసి డిలీట్ చేయాలి. పెద్దమ్మకి ఇప్పుడు డెబ్బై ఆరు. పాటలు గుర్తున్నాయి గానీ ఆ గొంతు రాదు. అందుకే ఇంత జాగ్రత్త.

రెండు ఫోన్లతో రికార్డు చేసేవాళ్లు మొదట్లో గట్టిగా ఒక చప్పట్ కొట్టండి. రెండు ట్రాకుల్లోనూ అది నిటారు గీతలా కనిపిస్తుంది. ఆ గీతల్ని కలిపితే చాలు. ఏ రెండు ఫోన్ల గడియారాలూ అచ్చు ఒకేలా నడవవు. రికార్డింగ్ పొడవైతే చివర్లో కొద్దిగా తేడా రావచ్చు. అప్పుడు రెండు పాటల మధ్య విరామంలో కంట్రోల్, ఐతో కత్తిరించి, రెండో ముక్కని కాస్త జరపండి.

ఇవన్నీ మొదలెట్టే ముందు చేయాల్సింది ఒకటుంది. ఫోన్‌లోంచి తీసిన అసలు ఫైళ్లని ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఎడిటింగ్ ఎన్నిసార్లయినా మళ్లీ చేసుకోవచ్చు. రికార్డింగ్ అలా కాదు.